వరదలో అభయం ఎవరికి?

2021 డిసెంబరు మూడో వారంలో మలేషియాలోని సెలంగోర్ మీద కుండపోత వాన కురిసింది. షా ఆలంలోని తమాన్ శ్రీ మూడాలో జనం పైకప్పులెక్కి పడవల కోసం ఎదురుచూశారు. పెటాలింగ్ జయ గురుద్వారాలో వాళ్ల కోసం వంట సాగింది. ఆ అన్నానికి కులమతాల పట్టింపు లేదు.

అన్నం చాలకపోతే మళ్లీ ఎసరు పెట్టుకోవచ్చు. టీకాతో అది కుదరదు. చాలా టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలోనే నిలుస్తాయి. 2014 డిసెంబరులో కెలంతాన్ మునిగినప్పుడు కువాలా క్రాయ్ ఆసుపత్రి కరెంటు లేక నీళ్ల మధ్య చిక్కుకుంది. అలాంటి చోట ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరిచారన్నదాని మీద కూడా టీకా ఆయుష్షు ఆధారపడుతుంది. పోలియో చుక్కల సీసా మీద చిన్న వలయం, దాని మధ్య లేతరంగు చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. వలయమంత రంగు వచ్చిందంటే సీసా పారేయవలసిందే. ధనుర్వాతం టీకాకు మరో గండం, గడ్డకడితే అదీ పనికిరాదు.

మిగిలిన కొద్ది సీసాలతో నర్సు వరద శిబిరానికి వచ్చిందనుకుందాం. ముందు ఎవరికి?

కిక్కిరిసిన శిబిరంలో తట్టు త్వరగా పాకుతుంది కనుక పిల్లలకు ముందు ఆ టీకా వేయాలని వైద్యులంటారు. మరి కాగితాల్లేని వలస కూలీల పిల్లలో? ఈ ప్రశ్న ధర్మానికి సంబంధించినది.

యుద్ధకాండలో ఇలాంటి వాదమే నడిచింది. విభీషణుడు శరణంటూ వస్తే సుగ్రీవుడు శత్రువు తమ్ముడని శంకించాడు. చేర్చుకుంటే మేలన్నాడు హనుమంతుడు. రాముడు చివరకు నిలబడింది మాత్రం, శరణన్నవాడికి అభయమివ్వడం తన వ్రతమన్న మాట మీద.

చేర్చుకుంటే మనకే మేలన్న హనుమంతుడి పక్షానికి మలేషియాలోని సబా రాష్ట్రంలో రుజువుంది. 2019 డిసెంబరులో తువారాన్‌లో మూడు నెలల బాబుకు పోలియో అని తేలింది. మలేషియాలో 27 ఏళ్ల తర్వాత అదే తొలి కేసు. ఫిలిప్పీన్స్‌లో తిరుగుతున్న వైరస్‌కూ దానికీ దగ్గరి చుట్టరికం ఉంది. టీకాలు అందని పిల్లలున్న చోట అలాంటి వైరస్ నిలదొక్కుకుంటుంది. అందుకే సబాలో పౌరసత్వం అడక్కుండా చుక్కలు వేశారు. తన బిడ్డ క్షేమం కోసమైనా పక్కబిడ్డకు టీకా పడాలి.

అయితే సీసాలు పది, చాచిన చేతులు నూరు అయినప్పుడు ఈ లాభం లెక్క నిలవదు, "మనవాళ్లకు ముందు" అన్నదే గెలుస్తుంది. అప్పుడు రాముడి వ్రతమే దిక్కు. ఆ వ్రతం రామాయణానిది మాత్రమే కాదు. ప్రాణరక్షణ ఇస్లాం ధర్మశాస్త్రపు ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. కోవిడ్ టీకా అనుమతమేననీ, ప్రభుత్వం నిర్దేశించినవారికి విధి అనీ 2020 డిసెంబరులో మలేషియా ఫత్వా కమిటీ నిర్ణయం వెలువడింది. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం కాగితాల్లేనివారికీ ఉచితంగా టీకా అంది. కానీ అదే ఏడాది జూన్‌లో సైబర్‌జయలో ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేసి కాగితాల్లేని వలసదారులను 150 మందికి పైగా పట్టుకున్నారు. అభయమిచ్చిన ప్రభుత్వమే వెంటాడితే టీకా కేంద్రానికి ఎవరొస్తారు?

ఈశాన్య రుతుపవనాలు నవంబరుకల్లా వస్తాయి. శిబిరంలో టీకా బల్ల దరిదాపుల్లో ఇమిగ్రేషన్ అధికారి ఉండకూడదని ఆరోగ్య, హోం శాఖలు ఆలోపే రాతపూర్వకంగా ఆదేశించాలి. ఆ ఆదేశాన్ని మలయ్‌తో పాటు బెంగాలీ, నేపాలీ, బర్మీస్ భాషల్లోనూ శిబిరం గుమ్మానికి అతికించాలి.