ఏ జెండా కింద నిలబడాలి?



ఒక ఆదివారం పూజ ముగిశాక గుడి ముందరి వేపచెట్టు నీడలో మన యువకులు ఒలింపిక్స్ గురించి మాట్లాడుకుంటున్నారు. వారిలో ఒకడు నన్ను చూసి, "అయ్యా, ఒక దేశంలో పుట్టి, అక్కడే ఆట నేర్చుకొని, చివరకు ఇంకో దేశం జెండా పట్టుకొని ఆడితే అది ద్రోహం కాదా?" అని అడిగాడు. అప్పటికి ఏదో చెప్పి పంపించాను గాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. మీరు కూడా నాతో కలిసి ఆలోచిస్తారని ఇక్కడ రాస్తున్నాను.

ముందు విషయం తెలుసుకుందాం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల జిమ్నాస్టిక్స్‌కు ఒక్కో దేశపు జట్టులో అయిదుగురికే చోటు. అమెరికాలో ఆ అయిదు స్థానాల కోసం ఎందరో గొప్ప క్రీడాకారిణులు పోటీపడతారు. ఆరవ స్థానంలో ఉన్న పిల్ల మరో దేశంలో మొదటి స్థానంలో నిలవగలదు. అమెరికాలో పెరిగిన అలియా ఫినెగన్ 2019లో పాన్ అమెరికన్ క్రీడల్లో అమెరికా జట్టుతో స్వర్ణం గెలిచింది. తరువాత తల్లి పుట్టినిల్లయిన ఫిలిప్పీన్స్ పక్షాన చేరి పారిస్ వెళ్ళింది. ఎమ్మా మలబుయో, లీవై రుయివివర్ కూడా అదే దారిన నడిచారు. ఇది దొంగచాటు వ్యవహారం కాదు. ఒక దేశం తరఫున ఆడినవారు మరో దేశానికి మారితే మూడేళ్ళు ఆగాలని ఒలింపిక్ నియమావళి చెబుతుంది. సంబంధించిన వారందరూ ఒప్పుకుంటే ఆ గడువును తగ్గించవచ్చు.

కనుక చట్టం ఒప్పుకుంటుంది. మరి మనస్సాక్షి?

తొందరపడి తీర్పు చెప్పే ముందు మన గడప వైపు చూసుకుందాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కయిన ఈ అనంతపురం నేల మీద వేరుశనగ ఎండిపోయిన ఏళ్ళలో ఎన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయో మీకు తెలియనిది కాదు. అవ్వాతాతలను ఇంటి దగ్గర వదిలి బెంగళూరుకు, కేరళకు కూలికి పోయినవారు మన బంధువులే. వారిని ఊరికి ద్రోహం చేశారని ఎవరన్నా అన్నారా? కడుపు కాలినప్పుడు కదలడం పాపం కాదు. రూతు గ్రంథంలో కథ మొదలయ్యేది కూడా కరువుతోనే గదా. బేత్లెహేములో తిండి లేక ఒక కుటుంబం మోయాబుకు వలసపోయింది.

"కూలివాడి ఆకలి వేరు, ఆటగాళ్ళ పతకాల ఆకలి వేరు" అని మీరనవచ్చు. నిజమే. అయితే ఈ రెంటి మధ్య గీత గీయడం అనుకున్నంత తేలిక కాదు. ఉజ్బెకిస్తాన్‌కు చెందిన ఒక్సానా చుసోవితినా సంగతి చూడండి. 2002లో ఆమె చిన్న కొడుకుకు రక్త క్యాన్సర్ అని తేలింది. వైద్యం కోసం కుటుంబం జర్మనీలోని కొలోన్‌కు తరలింది. పోటీల్లో వచ్చిన సొమ్ము బిడ్డ వైద్యానికి ఖర్చుపెట్టింది. 2006లో జర్మనీ పౌరసత్వం తీసుకొని, 2008 బీజింగ్‌లో ఆ దేశానికి వాల్ట్‌లో రజతం తెచ్చిపెట్టింది. కొడుకు కోలుకున్నాడు. 2016 రియో నాటికి ఆమె మళ్ళీ ఉజ్బెకిస్తాన్ తరఫున దిగింది. ఏ తల్లి ఆమెను తప్పుపట్టగలదు? ఆదుకున్న దేశానికి రుణం తీర్చింది, కన్న దేశాన్నీ మరువలేదు.

ఇంకొక సంగతి. వెళ్ళినవారినే అడుగుతాం గాని, వెళ్ళేలా చేసినవారిని అడగం. కైలియా నెమూర్ ఫ్రాన్స్‌లో పుట్టింది. మోకాళ్ళ శస్త్రచికిత్స తరువాత తిరిగి ఆడే విషయంలో అక్కడి క్రీడా సమాఖ్యతో వివాదం వచ్చింది. ఆమె తండ్రి వైపు దేశమైన అల్జీరియాకు మారింది. 2024లో అన్ ఈవెన్ బార్స్‌లో స్వర్ణం గెలిచి, జిమ్నాస్టిక్స్‌లో ఆఫ్రికాకు మొదటి ఒలింపిక్ పతకం తెచ్చింది. తప్పెవరిదో నేను చెప్పను. కాని ఒక బిడ్డ ఇల్లు విడిచిపోతే, "ఎందుకు పోయింది?" అని ఆ ఇల్లు తనను తాను ప్రశ్నించుకోవద్దా?

అలాగని అన్ని మార్పులూ మంచివేనా? కావు. ఒకరు వచ్చి కూర్చున్న చోట అప్పటిదాకా ఎదురుచూసిన మరొకరు ఉండవచ్చు. ఆ దేశంలోనే పుట్టి, చాలీచాలని సౌకర్యాలతో సాధన చేసిన పిల్ల కన్నీరు ఏ పత్రికా రాయదు. మన హైదరాబాదు బిడ్డ అరుణా బుద్దారెడ్డి 2018లో మెల్బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం పొందిన తొలి భారతీయురాలు ఆమె. అంతటి శ్రమ చేసిన అమ్మాయి చోటును, ఈ దేశంతో పేరుకు తప్ప సంబంధం లేనివారు వచ్చి తీసుకుంటే మనకెలా ఉండేది? భారత పాస్‌పోర్టు ఉన్నవారే భారత జట్లలో ఆడాలని మన ప్రభుత్వం 2008లో నిర్ణయించింది. దానివల్ల విదేశాల్లోని మనవారి పిల్లలు కొందరు నష్టపోయిన మాటా వాస్తవమే. ఒక బిడ్డకు తలుపు తెరిస్తే మరో బిడ్డకు మూతపడుతుంది. అందుకే ఈ ప్రశ్న ఇంత బరువు.

ఇది మనకు దూరపు సంగతి కూడా కాదు. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు హైదరాబాదుకు, ఆంధ్రకు, బరోడాకు రంజీ ఆడాడు. నిరభ్యంతర పత్రం తీసుకొని బాహాటంగా మారడంలో దాపరికం లేదు. కాని కాలేజీ సీటు కోసమో, జిల్లా జట్టులో చోటు కోసమో ఎన్నడూ కాపురముండని ఊరి చిరునామాతో స్థానికత పత్రం పుట్టించే తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు. అక్కడ మారింది ఊరు కాదు, మాట. ఆ సీటుతో పాటు అబద్ధం కూడా పిల్లవాడి చేతికి వస్తుంది.

కనుక ఆ యువకునికి ఇప్పుడు ఇలా చెబుతాను. నాయనా, జెండా మారిందా లేదా అన్నది మొదటి ప్రశ్న కాదు. మూడు ప్రశ్నలు వేసుకో. నిజం చెప్పి వెళ్తున్నావా? నేర్పిన గురువును, పెంచిన ఊరిని కృతజ్ఞతతో తలచుకుంటున్నావా? వెళ్ళిన చోట పుచ్చుకోవడమేనా, ఏమైనా ఇస్తావా?

మూడవదానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువు నేలకు వచ్చి, 2009లో కన్నుమూసే వరకు ఇక్కడి పేదల మధ్యనే పనిచేశారు. ఆయన ఏ దేశంవాడని మన పల్లెల్లో అడిగి చూడండి. "మా వాడే" అంటారు. రూతు కూడా లాభం చూసుకొని కాదు, ఒంటరియైన అత్తను విడువలేక పరాయి జనాన్ని తన జనం చేసుకొంది.

ఈ వారం భోజనాల దగ్గర మీ పిల్లలను ఈ ప్రశ్న అడగండి. వాళ్ళ జవాబు విన్నాక, మీ ఇంట్లో ఏ పత్రంలోనైనా రాసి ఉన్న ఊరు నిజంగా మీ ఊరేనా అని ఒక్కసారి చూసుకోండి.