గుండెల మీద కుంపటి

పోయిన డిసెంబరులో మా అమ్మాయి పురిటికొచ్చింది. కూర్మన్నపాలెంలో మాది రెండు గదుల ఫ్లాటు. విశాఖలో చలి ఏపాటిది కనక! తెల్లవారుజామున 18 డిగ్రీలుంటే మనం శాలువాలు తీస్తాం. కానీ ఇంట్లో బాలింత, పదిరోజుల పసిగుడ్డు ఉంటే ఆ లెక్క వేరు.

"గదిలో కుంపటి పెట్టించవే" అంది అమ్మ. "రూమ్ హీటర్ కొందాం" అన్నాను నేను. "ముందా కిటికీ తియ్యండి, ఊపిరాడట్లేదు" అంది మా అమ్మాయి. దాని మాట మేమిద్దరం వినిపించుకోలేదు.

నా వాదం గట్టిదే. మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అదంతా అమ్మకి చెప్పాను. "అయితే మా అమ్మ నన్ను చంపాలని పెట్టిందంటావా?" అని చిన్నబుచ్చుకుంది. గెలిచానని అనుకున్న క్షణంలోనే ఎక్కడో ఓడిపోయాననిపించింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అమ్మ పొయ్యి ముందే ఉంది. నిప్పు ఎప్పుడూ ఆమె పని. ఇంకెవరో రాజేసిన నిప్పు దగ్గర ఆమె వెచ్చగా పడుకున్నది పురుళ్ళప్పుడే. ఆమె అడుగుతున్నది కుంపటి కాదు, ఆ నెలరోజుల హక్కు.

మరి ఆ కుంపటి ఊదిందెవరు? అమ్మమ్మ. మా ఇంట్లో అయితే ఊదాల్సింది పనికొచ్చే ఆమె. ఆమెది చింతపల్లి వైపు. లంబసింగి చలి ఎలా ఉంటుందో మనకి పేపర్లో ఫోటోల వల్ల తెలుసు, ఆమెకి ఒంటికి తెలుసు. "మీ ఊళ్ళో గ్యాసు లేదా?" అనడిగాను. "ఉందమ్మా. గ్యాసు మీద అన్నం ఉడుకుతాది గానీ ఒళ్ళు వేడెక్కదు గదా" అంది.

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల పథకం ఆడవాళ్ళ పేరు మీద గ్యాసు కనెక్షన్లిచ్చాయి. అవి అవసరమే. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కానీ ఆ పథకాలు పొయ్యిని వంట సామానుగానే చూశాయి. కొండమీది ఇంట్లో పొయ్యి వండుతుంది, గది వేడి చేస్తుంది, తడిసిన బట్ట ఆరబెడుతుంది. ఆర్పితే చలి, ఉంచితే పొగ. సిలిండర్ ఉన్నా కట్టెల పొయ్యి మానని ఆడవాళ్ళని 'వీళ్ళింతే, చెప్పినా వినరు' అనేస్తాం. పొయ్యి ఏమేం పనులు చేస్తోందో వాళ్ళనెవరైనా అడిగారా?

ఇక నా హీటర్ సంగతి. 1500 వాట్ల హీటర్ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 12 యూనిట్లు. బొగ్గు కరెంటు యూనిట్‌కి సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే ఒక్క రాత్రికి 8 కిలోల పైమాటే! మనకి దగ్గర్లోనే పరవాడ దగ్గర 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. మా గదిలో చిన్న కుంపటి వద్దని, కనపడని చోట పెద్ద కుంపటి రాజేయిస్తున్నానన్నమాట. ఆ పొగగొట్టాల దగ్గర కూడా ఏదో ఇంట్లో ఒక బాలింత ఉంటుంది కదా. గ్యాసు మాత్రం? 1997 సెప్టెంబర్ 14న ఇదే ఊళ్ళో హెచ్.పి.సి.ఎల్. రిఫైనరీలో గ్యాసు అంటుకుని 50 మందికి పైగా చనిపోయారు. మన వంటింట్లో మంట నీలంగా ఉందంటే దాని మసి ఇంకెవరి మీదా పడలేదని కాదు.

అందుకని చలికి వణుకుతూ కూర్చోమంటానా? అనను. ఎవరికీ ఏ హానీ చెయ్యని నిప్పు లేదు. ఉన్నట్టు నటించకుండా ఎంచుకోవాలి, అంతే. ఎంచుకునేటప్పుడు ఎవరి ఒళ్ళు వెచ్చబడాలో, ఎవరు ఊదాలో, ఎవరు పీల్చాలో వాళ్ళ మాట ముందు వినాలి. మా ఇంట్లో ముందు వినాల్సిన మాటే చివరికి విన్నాం.

కిటికీ కాస్త తీశాం. రెండు బొంతలు, వేడినీళ్ళ సంచీ సరిపోయాయి. పాపకి స్నానం చేయించే పావుగంట మాత్రం, పక్కింటివాళ్ళ హీటర్. కాపడం పెట్టే పని అమ్మ తీసుకుంది. గుడ్డ వెచ్చచేసి, తన చెంపకి ఆనించి చూసుకుని, అప్పుడు మనవరాలి నడుముకి పెట్టేది. ఆ వెచ్చదనం ఏ హీటర్‌లో ఉందని వాదించను!

చూడ్డానికొచ్చిన బంధువొకాయన పాపని చూసి, "ఆడపిల్లా! గుండెల మీద కుంపటేనన్నమాట" అన్నాడు.

అమ్మ తలెత్తకుండానే అంది: "చలికాలంలో పుట్టింది కదండీ. కుంపటే కావాలి మరి."