చవుకైన సముద్రము

పరుల నష్టము వలన మనకు అయాచితముగా కలిగిన లాభమును నిశ్చింతగా అనుభవించుట ధర్మమా యను ప్రశ్న పాతదే. మా యింటికి మాత్రము అది ఎఱ్ఱ సముద్రము మీదుగా వచ్చినది.

జర్మనీలో ఉద్యోగము చేయుచున్న మా చిన్నవాడు 2024 చివర ఈజిప్టులోని హుర్ఘదా పట్టణమునకు పోయి, వారము దినములు సముద్రగర్భమున పగడపు దిబ్బలను చూచి వచ్చినాడు. వీపున గాలి సిలిండరు కట్టుకొని నీట దిగు ఈ విద్యను స్కూబా అందురు. (అందులో నుండునది ఒత్తి నింపిన మామూలు గాలియే; పలువురు తలచునట్లు కేవల ప్రాణవాయువు కాదు.) సంక్రాంతికి బరంపురము వచ్చినపుడు, "నాన్నగారూ, ఈజిప్టు పౌను పడిపోయినది గదా, అంతయు కారుచవుకగా గడచినది" అని సంతోషముతో చెప్పినాడు.

ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసిన చేయి ఊరకుండదు. ఖర్చుల చిట్టా తెమ్మంటిమి.

2016 నవంబరు 3వ తేదీన ఈజిప్టు కేంద్ర బ్యాంకు తన పౌను ధరను విపణికి వదలివేసినది. అంతకు ముందు డాలరుకు సుమారు 8.8 పౌనులుండగా, ఆ సంవత్సరాంతమునకు 18 ప్రాంతమునకు చేరినది. 2024 మార్చి 6న మరల వదలగా, 31 నుండి ఒక్క దినముననే 50 ప్రాంతమునకు జారినది. ఇంతటి పతనములో మావానికి మిగిలినదెంత? విమానమునకును హోటలునకును జర్మనీలోనే యూరోలలో చెల్లించినాడు. నీట దింపు సంస్థవారు కూడ యూరోలలోనే ధర కట్టినారు. వారిని తప్పు పట్టలేము. గాలి నింపు యంత్రము, శ్వాస గొట్టములు, రబ్బరు దుస్తులు, అన్నియు పరదేశముల నుండి రావలసినవే. డీజెలు ధరను ప్రభుత్వము అదే మార్చి నెలలో పెంచినది. కావున సముద్రమును చూచుటకు వెల తగ్గలేదు. తగ్గినవి ఊరిలోని భోజనము, టాక్సీ, పడవవారి కిచ్చు బక్షీసు. (ఈ మాట ఆ దేశమునను ఇదేనట!)

బక్షీసు దగ్గర మా కలము ఆగినది. పడవ మీద ఒక కుఱ్ఱవాడు దినమెల్ల సిలిండర్లు మోసి, నిచ్చెన పట్టి, తడిసిన వారిని చేయి యిచ్చి పైకి లాగెడివాడట. పూర్వము పోయివచ్చిన మిత్రుడు "నూరు పౌనులిమ్ము, అది ఆచారము" అని చెప్పియుండగా మావాడు అంతే యిచ్చినాడు. 2016 అక్టోబరులో నూరు పౌనులనగా పదకొండు డాలర్లకు పైమాట. మావాడిచ్చిన నాటికి రెండు డాలర్లు. నోటు అదే, చేతిలోని పని అదే.

మాకు పూరీ నోలియాలు జ్ఞప్తికి వచ్చినారు. తెల్లని కోపు టోపీలు పెట్టుకొని, యాత్రికుల చేయి పట్టి అలలు దాటించు ఆ బెస్తలలో పెక్కురు మన తెలుగువారే. బాల్యమున మమ్ములను అట్లు పట్టిన చేతికి నాయనగారు చిల్లర లెక్కించుచుండగా, మా అమ్మ "ప్రాణము పట్టుకున్నవాడితో బేరమేమిటండీ" అన్నది.

మావాడు ఊరకుండలేదు. "నేను పోకున్న ఆ పడవ కట్టుకొయ్యకే యుండును గదా?" అన్నాడు. అదియు నిజమే. 2015 అక్టోబరు 31న సీనాయిలో విమానము కూలి 224 మంది మరణించిన పిదప రష్యా తన విమానములను ఆపివేసినది. ఎఱ్ఱ సముద్రపు రేవులకు 2021లో గాని అవి మరల రాలేదు. యాత్రికుడు రాని ఊరి ఆకలి కంటె చవుకగా వచ్చిన యాత్రికుడు మేలు. చవుకైన చోటికి పోవుట తప్పని మేమనము. ధర పడిన సంగతి సంబరముగా చెప్పుకొనువాడు, ఇచ్చునపుడు మాత్రము పాత అంకెను ఆచారమనుట మాకు రుచింపలేదు.

అప్పుడు వాడు మెల్లగా, "మీరు ప్రతి ఉదయము పేపరులో యూరో ధర చూచెదరు గదా, నాన్నగారూ?" అన్నాడు.

చూచెదము. వాడు పంపు సొమ్ము యూరోలలో వచ్చును. రూపాయి దిగిననాడు మా కాఫీ రుచిగా నుండునను మాట దాచనేల? 1966 జూన్ 6న డాలరు 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు పెరిగినపుడు మేము పలక పట్టిన పిల్లలము. 1991 జూలైలో మరల తగ్గించినపుడు గుమాస్తాలమై నూనె ధరకు గుండె బాదుకొంటిమి. ఇప్పుడు అదే రూపాయి దిగిన మాకు పండుగ. మన దేశమునకు వంటనూనె సగమునకు పైగా బయటి నుండియే రావలెను. మా యింట గిన్నెలు తోము మనిషి కూడ ఆ నూనెయే కొనును. ఆమె జీతము రెండేండ్లుగా కదలలేదు. అది కూడ ఆచారమే గాబోలు.

ఫిబ్రవరి నుండి పెంచితిమి. ఎంతయను విషయమై ఇంట రెండు దినములు వాదము నడచినది. ఆమెను అడిగిన తీరునని మాలో నెవరికిని తోచలేదు, చివరకు మా కోడలు అడిగినది.

చిన్నవాడు మరల హుర్ఘదా పోవలెనని యున్నాడు. ఈసారి ఆ కుఱ్ఱవానికి యూరోలలోనే యిచ్చెదనని వ్రాసినాడు. నోట్లుగా నిమ్మని జవాబు వ్రాసితిమి. పరదేశపు నాణెములను బ్యాంకులు మార్చి యీయవు.