పిల్లల నడకను బట్టి



ఆదికాండము 33వ అధ్యాయములో ఒక చిన్న సంగతి కలదు. అన్నదమ్ముల సమాధానమును గూర్చి ప్రసంగించు మనము ఆ సంగతిని తరచుగా దాటిపోవుదుము. ఏశావు 400 మందితో యెదురువచ్చి, తమ్ముని కౌగిలించుకొని యేడ్చిన తరువాత, ఇకమీదట కలిసి ప్రయాణము చేయుదమని పిలిచెను. యాకోబు మర్యాదగానే కాదనెను. తన వెంట పసిపిల్లలున్నారు, పాలిచ్చు పశువులున్నవి. ఒక్క దినము వడిగా తోలినను మంద దక్కదు. కాబట్టి అన్న ముందు పోవచ్చును, తాను వారి నడకను బట్టి నిదానముగా వచ్చును. ఇదియే అతని మనవి.

ఈ మాట యెవరు పలికిరో గమనించుడి. జ్యేష్ఠత్వము కొరకును, ఆశీర్వాదము కొరకును తొందరపడి, వేళ రాకమునుపే వాటిని చేజిక్కించుకొన్న మనుష్యుడే పలికెను. యబ్బోకు రేవు దాటిన పిమ్మట అతడు కుంటుచు నడచుచుండెను. తాను మెల్లగా నడువ నేర్చినవాడు పిల్లలను పరుగెత్తింపలేదు.

ఇప్పుడు మన కారంపూడికి వత్తము. ప్రొద్దున వీధి మొగను నిలిచి చూడుడి. మూడేండ్ల బిడ్డ, వీపున సంచి, మెడకు టై, కన్నులలో నిద్ర, బడి వ్యాను కొరకు నిలిచియుండును. సాయంకాలము పలక ముందర కూర్చుండబెట్టగా అక్షరము వంకరపోవును. తల్లి చేయి విసరును. ప్రక్కింటి బిడ్డ నూరు వరకు అంకెలు వ్రాయుచున్నదట, నీవు మాత్రము మొద్దువని తండ్రి యనును. ఈ తలిదండ్రులు క్రూరులు కారు. మిరపకోతకు పోయి, పత్తి తీసి, ఆ కూలి డబ్బుతో ఫీజు కట్టినవారు. ప్రేమతోనే తొందరపెట్టుచున్నారు. అయితే ప్రేమతో అడిగినంత మాత్రమున మనమడిగినదెల్ల న్యాయమగునా?

ఈ తొందరకు కారణము లేకపోలేదు. మన తాతలలో అనేకులను బడి గుమ్మము త్రొక్కనియ్యలేదు. ఫాదరు హయ్యరు 1842లో గుంటూరునకు వచ్చి, 1849లో మన పలనాటి గురజాలకు చేరిరి. అట్టివారి వెనుక వచ్చిన మిషను బడులలోనే మన పెద్దలలో పలువురు మొదటిసారి బలపము పట్టిరి. వేలిముద్ర వేసి మోసపోయిన యింటివారు తమ బిడ్డ త్వరగా చదువవలెనని కోరుట తప్పు కాదు. నిదానమను మాట కలిగినవారికే గాని మనకు చెల్లదని యెవరైన అనిన, దానిని తేలికగా త్రోసివేయరాదు. అయినను ఆకలిగొన్నవాడు పచ్చిగింజలు మ్రింగిన కడుపునొప్పియే గాని బలము రాదు.

మిరప నారు సంగతి మీకు నాకంటె బాగుగ తెలియును. రమారమి 40 దినములు నారుమడిలో ఉండనిచ్చి గాని మీరు దానిని పీకి చేనిలో నాటరు. పదవ దినముననే నాటి, అది వాడిపోగా, నారునే తిట్టు రైతు లేడు. బిడ్డ చేయియు అట్టిదే. మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు కలవు. పుట్టినప్పుడు అవి మెత్తగా నుండి, ఏటేట ఒక్కొక్కటిగా గట్టిపడును. మూడేండ్ల వయస్సున వాటిలో చాల భాగము ఇంకను మెత్తనివే; చివరిదానికి వేళ వచ్చునప్పటికి బిడ్డకు రమారమి పదియేండ్లగును. ఆ చేతితో సన్నని గీతల నడుమ అక్షరము నిలుపుమని కొట్టుట, సృష్టికర్త ఇంకను కట్టుచున్న యింటిలో అద్దె అడుగుట వంటిది.

ఈ సంగతి క్రొత్తది కాదు. 1592లో మొరేవియా దేశమున పుట్టిన కొమీనియసు అను దైవసేవకుడు, ఆరేండ్ల వరకు బిడ్డకు తల్లి ఒడియే బడి యని బోధించెను. 1658లో పిల్లల కొరకు బొమ్మలతో కూడిన పాఠ్యపుస్తకమును ప్రచురించెను. ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, పసిపిల్లలు చేతులతో పనిచేయుచు నేర్చుకొందురని మన దేశపు ఉపాధ్యాయులకు నేర్పెను. మన దేశములో 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకముతో అంగన్‌వాడీలు వచ్చినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఒకే మెట్టుగా ఎంచి, ఆటపాటలతో నేర్పవలెననుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది.

నిదానమనగా సోమరితనము కాదు. మూడు నాలుగేండ్ల బిడ్డకు చేయవలసిన పని చాల కలదు. కందులలోనుండి రాళ్లు ఏరనిండు. వ్రేళ్లకు బలము వచ్చును. కోడిపిల్లలను లెక్కింపనిండు, అంకెకు అర్థము తెలియును. మట్టితో ఎద్దును చేయనిండు. ఇంటి భాషలో, అనగా మన తెలుగులో, కథ చెప్పి, తిరిగి చెప్పించుకొనుడి; మాట యెరిగిన బిడ్డకు అక్షరము సులువగును. మన యూరి వీరుల కథలో సైతము బాలచంద్రుడు కత్తి పట్టుటకు ముందు బొంగరాలు ఆడినవాడే గదా! ఆటను కాలము వృథాయని యెంచకుడి. ఆ వయస్సున ఆటయే చదువు.

మరియొక తట్టు తప్పు కూడ కలదు. పసివాడని చెప్పి ఏమియు నేర్పక, ఏడ్చినప్పుడెల్ల సెల్‌ఫోను చేతికిచ్చి ఊరకుండుట యాకోబు నిదానము కాదు. అతడు ఆగిపోలేదు, నడచుచునే యుండెను. అన్నము తాను కలుపుకొనుట, చెప్పులు వరుసగ పెట్టుట, అబద్ధమాడకుండుట బిడ్డ వయస్సునకు తగినట్లు నేర్పవలసినవే. రెండేండ్లు నిండినను మాటలు రాని బిడ్డను, పిలిచినను తిరిగి చూడని బిడ్డను, అదే వచ్చునులే యని విడిచిపెట్టక వైద్యునికి చూపుడి. బిడ్డ నడక యెరుగుటయనగా బిడ్డను కనిపెట్టి చూచుట.

అసలు న్యాయమెక్కడ తప్పుచున్నది? ఐగుప్తులో ఫరో గడ్డి ఇయ్యక ఇటుకలు అడిగెను. లెక్క తక్కువైనప్పుడు సోమరులని కొట్టించెను. శక్తి ఇయ్యబడకమునుపే ఫలితమడిగి, అది రానందుకు దోషమును బలహీనునిమీద మోపుట ఫరో న్యాయము. తండ్రియైనను, ఉపాధ్యాయుడైనను, పాదిరియైనను ఆ లెక్క అడుగుటకు అధికారము లేదు. మూడేండ్లకు మొద్దు అనిపించుకొన్న బిడ్డ అక్షరమును మాత్రమే కాదు, తన్ను తాను కూడ ద్వేషింప నేర్చును. ఆ గాయము ఏ పరీక్షలోను కనబడదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, బడికి పోయినప్పుడు మా బిడ్డ ఎన్ని అక్షరములు వ్రాసెనని మాత్రమే అడుగకుడి. నవ్వెనా, మాటలాడెనా, తోటివారితో ఆడెనా యని అడుగుడి. మీరట్లు అడిగిన, బడియు మారును. సండేస్కూలు ఉపాధ్యాయులారా, అయిదేండ్లవానిచేత దీర్ఘమైన వాక్యములు అప్పజెప్పించి పెద్దల మెప్పు పొందుటకు మారుగా, ఒక కథ చెప్పి, దానిని వానిచేత ఆడించుడి. ప్రక్కింటి బిడ్డతో పోల్చుట నేటినుండి మానుడి.

ఏశావు ముందుగా పోయెను. యాకోబు వెనుకబడెను. అయినను అదే అధ్యాయము చివర అతడు క్షేమముగా షెకెమునకు చేరెనని వ్రాయబడియున్నది. మనమును ఎంత త్వరగా చేరితిమని గాక, పిల్లలందరితో క్షేమముగా చేరితిమా యని చూచుకొందము గాక.