తరిమిన హింస తరుగునా?



మన చూరునకు అంటుకొన్న కొరవిని పెరికి పొరుగువాని గడ్డివామిపై విసరినచో నిప్పు ఆరునా? ఊరంతయు అంటుకొనును. హింసయు అట్టిదే. హింసకు అలవడినవానిని పొలిమేర దాటించినంత మాత్రమున అది తొలగదు. అతనితోడనే ప్రయాణము చేసి, చేరిన చోట వేళ్లూనును. ఇందులకు మన కాలపు దృష్టాంతము మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ అను చిన్న దేశము.

ఆ దేశమున 1980 నుండి 1992 వరకు అంతర్యుద్ధము సాగి, దాదాపు 75,000 మంది ప్రాణములు కోల్పోయిరి. లక్షలాది ప్రజలు ఇల్లు వాకిలి విడిచి పరదేశముల పాలైరి. వారిలో అనేకులు అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరపు పేదవాడలలో తలదాచుకొనిరి. తల్లిదండ్రులు కూలికి పోవగా, పిల్లలకు వీధియే దిక్కయ్యెను. ఆ వాడలలో అంతకుముందే ఉన్న ముఠాలు వారిని వేధించెను. ఆత్మరక్షణకై కొందరు బాలురు ‘మారా సాల్వత్రుచా’ అను ముఠాగా ఏర్పడిరి. మరికొందరు ‘పద్దెనిమిదవ వీధి’ ముఠాలో చేరిరి. వలస వచ్చినవారిలో అత్యధికులు చెమటోడ్చి బ్రతికిన సజ్జనులే. కాని ఆదరించు చేయి కానరాని కొందరికి ముఠాయే ఇల్లయ్యెను.

1992లో శాంతి ఒప్పందము కుదిరినది. పిమ్మట, ముఖ్యముగా 1996 నాటి వలస చట్టము తరువాత, అమెరికా నేరస్థులను వేల సంఖ్యలో స్వదేశమునకు పంపివేసెను. పసితనముననే విడిచిన ఆ దేశము వారిలో పలువురికి పరదేశమే. అచ్చట వారికి ఎదురైనవి యుద్ధముచే చితికిన ఊళ్లు, పనిలేని యువకులు, మిగిలిపోయిన ఆయుధములు, బలహీనమైన ప్రభుత్వము. లాస్ ఏంజెలిస్ వీధి పగలు అచ్చట ఊరూరి పగలయ్యెను. చిల్లర దుకాణదారులు, బస్సు నడుపువారు సైతము ముఠాలకు కప్పము కట్టవలసి వచ్చెను. 2003 నుండి ప్రభుత్వము మూకుమ్మడిగా చెరసాలలు నింపగా, ఆ చెరసాలలే ముఠాలకు రాజధానులయ్యెను. 2015లో సుమారు 6,600 హత్యలు జరిగినవి. అనగా లక్ష జనులకు నూరుకు పైగా! ముఠాలకు భయపడి, బిడ్డలను వెంటబెట్టుకొని, తల్లులు మరల ఉత్తరదిశకు నడచిరి. నిరాదరణ ముఠాను కన్నది. ముఠా మరల వలసను కన్నది.

2022 మార్చిలో అచ్చటి ప్రభుత్వము అత్యయిక స్థితి విధించి, పదుల వేల మందిని బంధించెను. హత్యలు మిక్కిలి తగ్గినవి, ఇది కాదనరాదు. అయితే నిరపరాధులనేకులు ఆ వలలో చిక్కిరను ఆక్రందనమును త్రోసివేయరాదు. బాధితుని రక్షించుట రాజధర్మమే. కాని సంకెల చేతిని కట్టును గాని మనసును మార్చజాలదు.

మరి మనసును మార్చునదేది? మన శరణ పరంపరలో ఉరిలింగపెద్ది చరిత్రమును స్మరింపుడు. ఆయన పూర్వము చోరుడని సంప్రదాయము చెప్పుచున్నది. ఒక రాత్రి దొంగతనమునకై వెళ్లి, ఆ యింట ఉరిలింగదేవుడు దీక్ష యొసంగుచుండుట చూచి చలించెను. నిత్యము గురువునకు కట్టెలమోపు తెచ్చు సేవను చేపట్టి, దీక్ష వేడి పొంది, తుదకు గురుపీఠమునే అధిష్ఠించెను. క్రమమును గమనింపుడు. మొదట చేతికి పని, పిదప మనసుకు గురువు, అటుపిమ్మట సంఘమున స్థానము.

లాస్ ఏంజెలిస్ నగరముననే గ్రెగరీ బాయిల్ అను క్రైస్తవ మతగురువు 1988లో ముఠా యువకులకు పని చూపు ప్రయత్నమును ప్రారంభించెను. 1992లో ‘హోమ్‌బాయ్’ రొట్టెల బట్టీ వెలసినది. పగబట్టిన ముఠాల వారు అచ్చట ఒక్కచోట పిండి పిసికిరి. పేరు వేరైనను అది కాయకమే.

ఇది దూరదేశపు కథ యని ఊరకుందమా? మన పల్లెల బాలురును చదువుకు, కూలికి హైదరాబాదు వంటి నగరములకు పోవుచున్నారు. అద్దెగదిలో ఒంటరిగా నున్న పదునెనిమిదేండ్ల బాలుని మొదట పలకరించువాడెవడు? సజ్జనుడా, జూదరియా, రౌడీమూకయా? అతని బ్రతుకు చాలవరకు ఆ మొదటి పలకరింపుపై ఆధారపడి యుండును. తుమకూరు సిద్ధగంగా మఠము కులమత భేదము లేక వేలాది బాలురకు అన్నము, ఆశ్రయము, విద్య ఒసంగి మార్గము చూపినది. ప్రతి మఠము అంత చేయలేకపోవచ్చును. కాని క్రొత్తగా వచ్చిన బాలునికి ఒక పూట దాసోహము, తలదాచుకొన ఒక గది, పని చూపు ఒక పెద్దమనిషి మనకు అసాధ్యములా?

చెరసాల నుండి తిరిగివచ్చినవాని విషయమున ఈ బాధ్యత మరింత హెచ్చు. అతడు చేసిన తప్పును తప్పనియే చెప్పుడు. నష్టపడిన కుటుంబమునకు న్యాయము జరుగునట్లు చూడుడు. ఆ పిమ్మట మన పొలమున, మన దుకాణమున అతనికొక పని యిండు. మనము తలుపు మూసిన రాత్రియే, అతని పాత సహవాసులు తమ తలుపు తెరచి పిలుతురు. ఆ పిలుపు కన్న ముందు మన పిలుపు అతని చెవిని పడునట్లు బసవేశ్వరుడు మనకు బుద్ధి యొసంగుగాక!

శరణు శరణార్థి.