కొక్కెం

కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. మడకశిర చుట్టుపక్కల ఊళ్లలో నేను ఎక్కని స్తంభాలు తక్కువ. ఆ ఉద్యోగంలో నాకు నచ్చని పని ఒక్కటే, కొక్కేలు పీకడం. చీకటి పడ్డాక వెదురుకర్ర చివర వంచిన తీగ కట్టి లైను మీద తగిలించేవాళ్లు. ఇంట్లో ఒక బల్బు వెలిగేది. తెల్లవారుజామున మేం పోయేసరికి కొందరు తీసేసేవాళ్లు, కొందరు నిద్రలో మరిచిపోయేవాళ్లు. తీగ లాగి, చుట్ట చుట్టి, సైకిల్ హ్యాండిల్‌కు తగిలించుకుని, పేరు రాసుకుని వచ్చేవాణ్ణి. ఒకసారి ఒక ముసలమ్మ గుడిసె మీద నుంచి లాగుతుంటే ఆమే బయటికొచ్చింది. "తీసుకుపో నాయనా, మనవడి పరీచ్చలు నిన్నటితో అయిపోయినాయి" అంది. ఆమె పేరు రాశానో లేదో ఇప్పుడు చెప్పను.

మీటరు లేకుండా వాడేవాడు దొంగ. ఆ రోజుల్లో నాకు అంతకు మించిన ఆలోచన లేదు.

రిటైరయ్యాక మా ఊరి భజన మందిరంలో గీత చదవడం మొదలుపెట్టాం. మూడో అధ్యాయం దగ్గర నా కాలు ఆగిపోయింది. దేవతలు ఇచ్చింది అనుభవిస్తూ వాళ్లకు తిరిగి పెట్టనివాడు దొంగే అంటాడు కృష్ణుడు అక్కడ. ఆ వెంటనే ఒక చక్రం చెబుతాడు. ప్రాణులు అన్నం వల్ల, అన్నం వాన వల్ల, వాన యజ్ఞం వల్ల, యజ్ఞం మనిషి చేసే కర్మ వల్ల. ఆ చక్రాన్ని తిప్పకుండా కూర్చుని తినేవాడి బతుకు వృథా అంటాడు. చదివి చెప్పే పంతులుగారు మరుసటి రోజు తర్వాతి శ్లోకాలకు పోయారు. నేను మాత్రం ఆ దొంగ దగ్గరే నిలబడిపోయాను.

ఎందుకంటే కొక్కెం సంగతి నాకు తెలుసు. కొక్కెం వేసేవాడు ఒక్క ఫేజు తీగకే వేస్తాడు. బల్బు రెండో కొసను ఇంటి వెనక తడినేలలో పాతిన ఇనుపకడ్డీకి కడతాడు. వచ్చిన కరెంటుకు తిరిగిపోయే దారి లేకపోతే బల్బు వెలగదు. ఎండాకాలం నేల ఆరిపోయి వెలుతురు తగ్గితే ఆ కడ్డీ మొదట్లో చెంబుతో నీళ్లు పోస్తారు. నేను పొద్దున్నే తూర్పుకు తిరిగి సూర్యుడికి చెంబుతో నీళ్లు వదిలి డ్యూటీకి పోయేవాణ్ణి. నేను కేసు రాసేవాడూ అలాగే చెంబుతో నీళ్లు పోసేవాడు. తిరుగుదారి లేకుండా దీపం వెలగదని అతనికి తెలుసు. ఆ అర్ఘ్యం ఎందుకో అప్పటికి నాకు తెలియదు.

మా అక్కను పావగడ తాలూకాలో తిరుమణి వైపు ఒక ఊరికి ఇచ్చారు. అది కర్ణాటకే గానీ మూడు వైపులా మన ఆంధ్ర పొలిమేరలే, ఇళ్లలో మాటా ఎక్కువగా తెలుగే. శెనక్కాయ వేసి వాన కోసం మబ్బుల వంక చూడటమే ఆ నేల వ్యవసాయం. అక్కడే ఐదు ఊళ్ల భూముల్లో, సుమారు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు పెట్టారు. 2018లో మొదలై 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. మన దగ్గర అప్పటి కర్నూలు జిల్లాలో గని, శకునాల దగ్గర భూమి సేకరించి 1,000 మెగావాట్ల పార్కు కట్టారు. పావగడలో భూమి కొనలేదు. ఎకరాకు ఏడాదికి మొదట 21 వేల రూపాయల గుత్త, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. రెండింట్లో పావగడ పద్ధతే మేలని నా లెక్క. అమ్ముకున్న భూమి డబ్బు మూడు పెళ్లిళ్లలో కరిగిపోవడం మా వైపు ఎన్నో ఇళ్లలో చూశాను.

మా బావకు తొమ్మిదెకరాలు. "ఏం బామ్మర్దీ, ఇన్నేళ్లూ ఎండ మమ్మల్ని తినింది, ఇప్పుడు ఎండను మేం తింటున్నాం" అని మొదటి ఏడు ఎంతో ముచ్చటపడ్డాడు. నేనూ సంతోషించాను. ఎండ అమ్ముకోవడం పాపమేమీ కాదు. రాత్రి రెండింటికి త్రీఫేజ్ ఇస్తే రైతు టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోయి పాము మీద కాలు వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. అలాంటి కబురు తెల్లవారి మాకే ముందు తెలిసేది, లైను ఆపమని ఎవరో ఒకరు వచ్చేవాళ్లు కాబట్టి. ఎండ కరెంటు పెరిగాకే వ్యవసాయానికి పగలే తొమ్మిది గంటలు అనే మాట సాధ్యమైంది. ఆ ఒక్కదానికే సూర్యుడికి రెండు చెంబులు ఎక్కువ వదలొచ్చు.

అక్కవాళ్ల ఊళ్లో గొర్రెలు కాసే తాత ఒకాయన ఉన్నాడు. సెంటు భూమి లేదు. పోయినేడు కంచె పక్కన కూర్చుని నాకొక మాట చెప్పాడు. "ముందు కోత అయినాక ఈ చేలల్లోకి మందను తోలేవాణ్ణి సామీ. రాత్రి మంద పడుకుంటే ఎరువు. పొద్దున రైతు నాకు గింజలు కొలిచేటోడు. ఇప్పుడు మంద ఎవరి చేలో కట్టల్ల?" అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

గీతలో చదివిన చక్రం నాకు ఆ కంచె దగ్గర కనబడింది. చేను గొర్రెకు మేత, గొర్రె చేనుకు ఎరువు, రైతు కాపరికి గింజలు. ఎవరూ దాన్ని యజ్ఞమని పిలవలేదు. గుత్త పట్టాదారుకు వస్తుంది. కాపరికీ, కలుపు తీసే ఆడవాళ్లకూ పట్టా లేదు. మా భాషలో దీన్ని న్యూట్రల్ తెగడం అంటాం. న్యూట్రల్ తెగితే ఒక వీధిలో వోల్టేజి పెరిగి టీవీలు కాలిపోతాయి, పక్క వీధిలో బల్బు మిణుగురు పురుగులా మినుకుమంటుంది. లైను మాత్రం ఎక్కడా తెగినట్టు కనబడదు.

తక్కువ వానలో మా పాత అనంతపురం జిల్లాను ఎప్పుడూ జైసల్మేర్‌తో పోలుస్తారు. ఆ జైసల్మేర్‌లో ఓరణ్ అని దేవుడి పేర వదిలిన మేతభూములు ఉంటాయి. వాటిలో గొడ్డలి పెట్టరు. సోలార్ ప్లాంట్లు, లైన్లు వాటి మీదికి వస్తున్నాయని అక్కడి పశువుల కాపరులు ఆందోళన చేస్తున్నారు. కాగితంలో అది బంజరు, వాళ్లకు గుడి. బంజరు అనే మాట ఎవరు రాశారో గానీ, గొర్రెల కాపరిని అడిగి మాత్రం రాయలేదు.

ఇంతా చెప్పి నా ఇంటి సంగతి దాచకూడదు. పదేళ్ల కిందట ఎల్‌ఈడీ బల్బు పది రూపాయలకు ఇచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరిగి పంచిన వాళ్లలో నేనూ ఉన్నాను. అరవై వాట్ల చోట ఏడు వాట్లు చాలని వేదిక మీద చెప్పాను కూడా. మా ఇంట్లో ముందు నాలుగు బల్బులుండేవి. ఇప్పుడు మెట్ల కింద, తులసికోట దగ్గర, గేటు మీద కలిపి పదిహేడు. రెండేళ్ల కిందట సబ్సిడీ 78 వేలు వస్తుందని మేడ మీద మూడు కిలోవాట్ల పలకలు పెట్టించాను. రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తున్నాయి. పలకలు పెట్టిన మూడో నెలకే రెండో ఏసీ వచ్చింది. "ఊరికే వచ్చే కరెంటే కదా నాన్నా" అన్నాడు మా వాడు. ఆవిరి యంత్రాలు బొగ్గు తక్కువ తాగడం నేర్చాక దేశం మొత్తం బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగిందని జెవన్స్ అనే ఇంగ్లీషాయన 1865లోనే పుస్తకం రాశాడని మా శిక్షణ తరగతిలో ఒక ఇంజనీరు చెప్పాడు. అప్పుడు నిద్రపోతూ విన్నాను. పొదుపు బల్బులో ఉంటుంది. చాలు అనడం స్విచ్చి మీద వేలు పెట్టినవాడిలో ఉండాలి. దానికి సబ్సిడీ ఎవరూ ఇవ్వరు.

చక్రం తిరగడం నేను చూసిన చోటు తిరుమల. అన్నదానం వంటశాల మీద 2002లో అద్దాల పళ్లేలు పెట్టి, ఎండతో ఆవిరి పుట్టించి వండటం మొదలుపెట్టారు. రోజుకు 15 వేల మందికి సరిపడేలా కట్టారు. మెషీను చూద్దామని పోయి పంక్తిలో కూర్చున్నాను. ఆ ఎండ ఎవరి ఖాతాలోకీ పోకుండా, ముక్కూమొహం తెలియని మనిషి ఆకులోకి పోయింది. సాంబారు కొంచెం ఉప్పగా ఉంది.

ఈ రథసప్తమికి అక్కవాళ్లింటికి పోయాను. జిల్లేడాకులు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేశాం. చిక్కుడాకులు దొరికాయి. పిడకలు దొరకలేదు. ఊళ్లో ఆవులు అంతగా తగ్గిపోయాయి. పాలు ఇండక్షన్ పొయ్యి మీద పొంగిద్దామని అక్క ఇత్తడి గిన్నె పెట్టింది. దానికి ఇత్తడి పట్టదు, మిషను కూతపెట్టి ఆగిపోయింది. చివరికి స్టీలు గిన్నెలో పొంగించాం. "పిడకలు లేకుండా ఇది సూర్యుడికి చెల్లుతుందంటావా?" అని అక్క అడిగింది. పొంగించింది పగటిపూట, పార్కు పక్కన. ఆ కరెంటు ఆయనదే కాబట్టి నిప్పు గురించి బెంగపడొద్దన్నాను. ప్రసాదం ఎవరికి పెడతామన్నదే చూడమన్నాను.

బావ ఏమీ అనలేదు. మధ్యాహ్నం మాత్రం గొర్రెల తాతను పిలిపించాడు. ఎకరాకు వెయ్యి లెక్కన తొమ్మిది వేలు చేతిలో పెట్టి, గింజలు కొలిచినట్టే అనుకోమన్నాడు, ఏటేటా వచ్చి తీసుకోమన్నాడు. తాత నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని పరమాన్నం తిని పోయాడు.

బావవి తొమ్మిదెకరాలు. పార్కు 13 వేల ఎకరాలు.