ఇద్దరికీ అవే మూడు నిమిషాలు

2019 డిసెంబర్ 28న మాస్కోలో కోనేరు హంపి మహిళల ప్రపంచ ర్యాపిడ్ చెస్ విజేత అయింది. టైటిల్ కోసం చైనాకి చెందిన లీ టింగ్జీతో టైబ్రేక్‌లో బ్లిట్జ్ ఆడాల్సి వచ్చింది. మొదటి ఆటలో గడియారంలో సమయం అయిపోయి హంపి ఓడిపోయింది. తర్వాత కోలుకుని గెలిచింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఓడిన ఆటే.

ప్రపంచ బ్లిట్జ్ పోటీల్లో ఒక్కొక్కరికి మూడు నిమిషాలిస్తారు. వేసిన ప్రతి ఎత్తుకీ రెండు సెకన్లు కలుస్తాయి. ఇద్దరికీ ఒకే నియమం. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది?

కానీ ఓపెనింగ్ చూడండి. స్పానిష్ ఓపెనింగ్‌లో బంటు, గుర్రం, బిషప్ కదిలాక కూడా చాలా ఎత్తులు ఇంటిదగ్గర చదివిపెట్టుకున్నవే. అలా చదివినామె ఎత్తుకొక సెకను చొప్పున వేస్తే, పది ఎత్తులయ్యేసరికి ఆమె దగ్గర మూడు నిమిషాల పది సెకన్లుంటాయి. అంటే మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ! బల్ల దగ్గరే ఆలోచించుకోవాల్సినామెకి అందులో సగమైనా మిగలకపోవచ్చు. కాలం ఉన్నవాళ్లకే మరికాస్త కాలం.

ఓపెనింగ్ అంటే ఆటకి ముందే ఖర్చుపెట్టిన కాలం. అది ఎవరిచ్చారు? హంపికి ఆట నేర్పడానికి తండ్రి అశోక్ ఉద్యోగం మానేశారు. 2017లో పాప పుట్టాక, ఆమె మళ్లీ ఆటకి వచ్చినప్పుడు అమ్మానాన్నలే పాపని చూసుకున్నారు. ఇది చెప్తే ఆమె ప్రతిభ తగ్గదు. మగవాళ్ల గెలుపుల వెనక కూడా ఎవరో వండిన అన్నం, ఎవరో పెంచిన పిల్లలు ఉంటారు. వాటిని మాత్రం ఎవరూ లెక్కరాయరు.

కొన్నేళ్ల కిందట నా క్లాసులో ఒకమ్మాయి పరీక్షలో రెండు ప్రశ్నలు వదిలేసింది. రాసినవన్నీ బాగా రాసింది. "టైం చాల్లేదు మేడమ్" అంది. "అందరికీ అవే మూడు గంటలు కదమ్మా" అన్నాను. తెల్లారి లేచి ఇంటిపని ముగించుకుని, రెండు బస్సులు మారి వచ్చే పిల్ల అని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమె తలదించుకుని వెళ్లిపోయింది.

గడియారం తీసేయమని నేను అనను. అది లేకపోతే ఆటా లేదు, పరీక్షా లేదు. ఆ రోజు నేను మార్కులు కలపాల్సిందనీ అనను. కానీ నేను చెప్పింది నియమం మాత్రమే. దాన్నే న్యాయంగా ఆమెకి అప్పజెప్పాను. ఆ మూడు గంటలకి ముందు ఆమెకి ఎన్ని గంటలు దొరికాయో అడగడం నా పని. అడగలేదు.